పాలు పోయకూడని గేదె

చైనాలోని యీషింగ్ టీపాట్‌లకి పుట్టిల్లు. కప్ప, ఉడుత, చేప... అక్కడి మట్టి ఏ రూపమైనా ఎత్తుతుంది. సెలవురోజుల్లో అక్కడికి వెళ్లి, మా ఊరి గేదెని మట్టిలో చేసి ఇంటికి తెచ్చుకున్న ముచ్చట ఇది.

'చైనా నుంచి నీకేం తెమ్మంటావమ్మా?' అని ఫోన్లో అడిగాను.

'నాకేం వద్దురా. మరీ తేవాలనుంటే టీ పెట్టుకోడానికో గిన్నె తే. వాళ్లు టీ తెగ తాగుతారటగా' అంది.

ఆఫీసు పనిమీద ఆరునెలలు షాంఘైలో ఉండాల్సి వచ్చినప్పటి మాట ఇది. గిన్నే కదా, ఏ దుకాణంలోనైనా కొనేయొచ్చులే అనుకున్నాను. ఓ రోజు ఒక కొట్లో అద్దాల వెనక తామరపువ్వు ఆకారంలో టీపాట్ కనిపించింది. మూతమీద చిన్న కప్ప. ఇదిగో ఇప్పుడే గెంతుతానన్నట్టు కూర్చునుంది. దాన్ని చూడగానే నాకు మా మల్లి గుర్తొచ్చింది.

మల్లి మా గేదె. ముర్రా జాతిది. కారునలుపు కాబట్టి నాన్న వేళాకోళంగా ఆ పేరు పెట్టాడు. రెండు పూటలా అమ్మ పాలు పితికి కేంద్రంలో పోసొచ్చేది. నా ఇంటర్ ఫీజులూ చెల్లి పుస్తకాలూ అన్నీ ఆ పాలడబ్బులే. చెల్లి పెళ్లికి డబ్బు చాలక మల్లిని అమ్మేశాం. కొన్నవాళ్లు తోలుకెళ్తుంటే అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆ తరవాత మా ఇంట్లో మరో గేదె లేదు. మల్లి ఫొటో కూడా లేదు. ఆ రోజుల్లో గేదెకి ఫొటో తీసేదెవరు?

'ఇలాంటిదే గేదె బొమ్మతో దొరుకుతుందా?' అని నాతోపాటు పనిచేసే చైనా అమ్మాయిని అడిగాను. 'ఇవన్నీ యీషింగ్‌లో చేస్తారు. అక్కడికెళ్తే నువ్వే చేసుకోవచ్చు, దగ్గరుండి నేర్పుతారు' అంది. ఆ శనివారమే తనూ వాళ్లాయనా నేనూ బయల్దేరాం.

కొండని చూస్తే సొంతూరు...

యీషింగ్ ఉన్నది జియాంగ్సు రాష్ట్రంలో, తాయ్‌హూ అనే పెద్ద సరస్సుకి పడమటి ఒడ్డున. షాంఘైలో హైస్పీడ్ రైలెక్కి వెళ్లొచ్చు. ఊరి చుట్టూ వెదురు తోపులు, టీ తోటలు. వెయ్యేళ్లకి ముందే, టాంగ్ వంశపు చక్రవర్తులకి ఇక్కడి నుంచి టీ ఆకు కప్పంగా వెళ్లేదట. కుండల పనంతా మాత్రం అక్కడికి దక్షిణాన ఉన్న డింగ్‌షూ పట్నంలో జరుగుతుంది. స్టేషన్లో టాక్సీ మాట్లాడుకుని వెళ్లాం.

డింగ్‌షూలో ఎటు చూసినా టీపాట్‌లే. కిరాణా కొట్టు పక్కన టీపాట్ల కొట్టు, దాని పక్కన మళ్లీ టీపాట్ల కొట్టు. కొన్ని ఇళ్లలో గుమ్మంలోకి తొంగిచూస్తే బల్ల ముందు తల వంచుకుని మట్టిని చెక్కతో కొడుతున్నవాళ్లు కనిపిస్తారు. పాతబజారు ఓ పక్క కొండకీ మరో పక్క కాలవకీ మధ్య ఇరుగ్గా ఉంటుంది. పూర్వం ఇక్కడి సరుకంతా ఆ కాలవలో పడవలెక్కి సరస్సు చేరి, అక్కణ్నుంచి దేశమంతా వెళ్లేది.

ఆ కొండకో కథ చెబుతారు. పదకొండో శతాబ్దపు మహాకవి సు డోంగ్‌పో ఇక్కడికి వచ్చి, దాన్ని చూసి 'అచ్చం మా సీమ కొండలా ఉందే' అన్నాడట. ఆయనది షూ దేశం, అంటే ఇప్పటి సిచువాన్. అప్పట్నుంచీ దాని పేరు షూషాన్, షూ కొండ. ఊరు వదిలి ఉద్యోగానికి వచ్చినవాడికి కొండలోనూ సొంతూరే కనిపిస్తుంది కాబోలు. నాకు కప్పలో గేదె కనిపించినట్టు!

దగ్గర్లోనే చియన్‌షూ పల్లెలో 'డ్రాగన్ బట్టీ' ఉంది. మింగ్ రాజుల కాలం నాటిది. కొండవాలు మీద 43 మీటర్ల పొడవున ఇటుకల సొరంగంలా పడుకుని ఉంటుంది. కింద తల, పైన తోక. కింది నుంచి మంట పెడితే వేడి తనంతట తనే పైకి పాకుతుంది. వీపుకి రెండువైపులా ఉన్న రంధ్రాల్లోంచి పుల్లలు తోస్తూ మంటని మెల్లగా పైకి నడిపిస్తారు. ఇప్పుడు అందరివీ కరెంటు, గ్యాసు బట్టీలే. ఈ ముసలి డ్రాగన్‌కి మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడూ నిప్పు పెడుతూనే ఉన్నారు.

ఉడుత విలువ 9.2 కోట్లు!

ఇక్కడి మట్టి పేరు జీషా. అంటే ఊదారంగు ఇసుక. పేరుకి మట్టే కానీ గనిలోంచి రాయిలా గట్టిగా వస్తుంది. నెలల తరబడి ఎండకీ వానకీ ఆరుబయట వదిలేస్తే పొడిపొడిగా విడిపోతుంది. దాన్ని దంచి, జల్లించి, తడిపి, మాగబెడతారు. ఇనుము పాలు ఎక్కువ కావడంతో కాలాక ఊదా, ఎరుపు, లేత పసుపు... ఇలా ఏ రకానికి ఆ రంగు తేలుతుంది. పైన గాజుపూత పూయరు. పేరున్న హువాంగ్‌లాంగ్ కొండ గనిలో తవ్వకాలు 2005లో ఆపేశారు. దాంతో ముందే తవ్వి దాచుకున్న మట్టికి గిరాకీ పెరిగింది. రంగులు కలిపిన నకిలీ మట్టి కూడా బయల్దేరింది. ఈ పనితనాన్ని చైనా ప్రభుత్వం 2006లో జాతీయ వారసత్వ కళల మొదటి జాబితాలో చేర్చింది.

ఈ విద్యకి ఆద్యుడుగా గోంగ్ చున్ అనే కుర్రాణ్ని చెబుతారు. దాదాపు అయిదొందల ఏళ్ల కిందట ఓ పండితుడి దగ్గర పనివాడు. యజమాని గుళ్లో కూర్చుని చదువుకుంటుంటే, ఇతను అక్కడి సన్యాసి కుండలు చేయడం చాటుగా చూసి నేర్చుకున్నాడట. గుడి ముందున్న గింకో చెట్టు మానుకి లేచిన బుడిపెని చూసి, అదే రూపంలో టీపాట్ చేశాడట. అంటే కథ ప్రకారం మొదటి పాటే ప్రకృతిని చూసి చేసింది!

చెట్ల తరవాత జంతువులూ వచ్చాయి. ఇక్కడ బాగా ప్రసిద్ధమైనది 'చేప డ్రాగన్ అయిన' టీపాట్. పసుపునది మీద ఉన్న డ్రాగన్ ద్వారాన్ని దూకి దాటిన చేప డ్రాగన్‌గా మారుతుందని చైనావాళ్ల నమ్మకం. పిల్లలు పరీక్షల్లో గట్టెక్కడానికి అది గుర్తు. పాట్ ఒళ్లంతా అలలు. కొన్నింటిలో టీ పోయడానికి వంచగానే మూతమీది డ్రాగన్ తల ముందుకి జరుగుతుంది.

నేను షాంఘైలో చూసిన కప్ప మూలం జియాంగ్ రోంగ్ (1919-2008) అనే గొప్ప కళాకారిణి చేసిన తామర టీపాట్. పువ్వే పాట్, చుట్టుకున్న ఆకే మూతి, కాడే పిడి. తామరకాయ మూత. అందులో గింజలు కదులుతాయి. దానిమీద కప్ప. ఇంకో మహానుభావుడు గు జింగ్‌జౌ (1915-1996). ఆయన చేసిన ఉడుత - ద్రాక్ష టీ సెట్టు 2015లో బీజింగ్ వేలంలో 9.2 కోట్ల యువాన్లు పలికింది. అమ్మకి చెబితే, 'ఉడుతకా?' అని రెండుసార్లు అడిగింది.

ఈ పిచ్చి చైనాతో ఆగలేదు. పదిహేడో శతాబ్దంలో టీతోపాటు ఈ ఎర్ర పాట్‌లు ఓడల్లో ఐరోపాకి వెళ్లాయి. వాటిని చూసి డచ్చివాళ్లూ ఇంగ్లిషువాళ్లూ జర్మన్లూ తమ మట్టితో చేయబోయారు. జర్మనీలోని మైసెన్‌లో 1730ల నాటికి కోతి టీపాట్‌లు వచ్చాయి. ఆ తరవాత ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులు మోకరించిన ఒంటె రూపంలో చేశారు. ఆ వరసలోనే ఇప్పుడు మా మల్లి!

సారె లేని కుమ్మరం

మాకు నేర్పిన పెద్దాయన్ని అందరూ 'షిఫూ' అంటారు. గురువుగారు అన్నట్టు. అరవై దాటాయి. మాటలు తక్కువ. ఆయన బల్లమీద సారె లేకపోవడం చూసి ఆశ్చర్యపోయాను. జీషా పాట్‌లు తిప్పి చేయరు, కొట్టి చేస్తారు. మట్టిముద్దని చెక్కసుత్తితో కొట్టి రొట్టెలా పల్చటి పలక చేస్తారు. దాన్ని పట్టీలా కోసి గుండ్రంగా చుట్టి, బంకమట్టితో అతుకుతారు. ఒక చేతివేళ్లు లోపల ఆనించి, బయట చెక్కతో తడుతూ తిప్పుతుంటే ఆ గొట్టం అంచులు నెమ్మదిగా లోపలికి వంగి కడవ పొట్టలా అవుతుంది. మా ఊరి కుమ్మరి కూడా కుండని సారెమీంచి దింపాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టి పెద్దది చేసేవాడు. 'టప్ టప్' మనే ఆ చప్పుడు రెండుచోట్లా ఒకటే.

ఆయన చేతిలో పల్చటి రేకులాంటి పనిముట్టు ఒకటి ఉంది. దాంతో రుద్దితే మట్టి నున్నగా మెరుస్తుంది. దేంతో చేశారని అడిగితే 'గేదె కొమ్ము' అన్నాడు. శుభశకునం అనుకున్నాను.

నేను గీసుకెళ్లిన బొమ్మ చూసి షిఫూ తల అడ్డంగా ఊపాడు. కాగితం మీద తన గేదెని గీశాడు. చంద్రవంకల్లా రెండువైపులా చాచుకున్న కొమ్ములు. చైనా దక్షిణాదిన పొలం దున్నే గేదెలు అలాగే ఉంటాయి. మాది పాడిగేదె, దాని కొమ్ములు జిలేబీల్లా చుట్టుకుని తలకి అంటుకుపోయి ఉంటాయని ఫోన్లో ముర్రా ఫొటోలు చూపించాను. ఆయన చాలాసేపు చూసి నవ్వాడు. 'మీ గేదెకి టీ తెలుసు. చాచిన కొమ్ములైతే కడిగేటప్పుడు విరుగుతాయి. ఇవి విరగవు' అన్నాడు.

ఇక మూతిమీద పెట్టాం దృష్టి. గేదె నోరే టీ వచ్చే దారి. నేను గీసింది మేత మేస్తూ తల దించుకున్న మల్లిని. షిఫూ ఒక వెదురుపుల్ల తీసుకుని బొమ్మమీద పాట్ అంచు నుంచి అడ్డంగా పెట్టాడు. గేదె నోరు ఆ పుల్లకి బాగా కిందుంది. 'సగం నింపేసరికే నోట్లోంచి కారిపోతుంది' అన్నాడు. నీళ్లు ఎప్పుడూ ఒకే మట్టంలో నిలబడతాయి. కాబట్టి మూతి కొస పాట్ అంచుకి సమానంగానో, కాస్త పైకో ఉండాలి. మన కొమ్ముచెంబుకీ అదే సూత్రం.

పడుకున్న గేదెకి తల ఎత్తి పెడితే మెడ కొంగమెడలా సాగింది. ఎలా పెట్టినా అది మల్లి కాలేదు. ఆ రాత్రి హోటల్లో బొమ్మలు గీసి గీసి పారేస్తుంటే చెరువు గుర్తొచ్చింది. మల్లి చెరువులో దిగితే ఒళ్లంతా నీళ్లలోనే. వీపు కాస్త పైకి తేలుతుంది. ముట్టె మాత్రం ఎత్తి, ముక్కు నీళ్లకి అందకుండా పెట్టుకుంటుంది. నీటిమట్టానికి పైన ముక్కు! గేదె ఊపిరి కోసం చేసే పనే టీపాట్‌కీ కావాలి.

మర్నాడు ఆ బొమ్మ చూపిస్తే షిఫూ పుల్ల పెట్టి చూసి, మాట్లాడకుండా మట్టి తీశాడు.

అప్పట్నుంచి మిగతావన్నీ ఒక్కొక్కటే కుదిరాయి. చెరువులో గేదెకి కాళ్లు కనపడవు కాబట్టి కాళ్ల బెడద లేదు. అడుగు వెడల్పుగా నిలిచింది. వీపు మీదికి మెలి తిరిగి వచ్చిన తోక పిడి అయింది. నిజం గేదె తోక అంత లావుండదు కానీ, రెండు వేళ్లు దూరి బరువు ఆగాలి కదా. మూత పట్టుకోడానికి బొడిపె కావాలి. చైనా బొమ్మల్లో గేదెమీద వేణువూదే పిల్లాడు ఉంటాడు. షిఫూ అదే పెడదామన్నాడు. నేను కొంగ కావాలన్నాను. సన్నకాళ్లూ పొడుగుమెడా అయితే రోజుకే విరుగుతాయన్నాడు. చివరికి మెడ ముడుచుకుని కాళ్లమీద కూలబడిన కొంగ దగ్గర ఒప్పందం కుదిరింది. దాని రెక్క పక్కనే మూతకి సన్నటి చిల్లి. అందులోంచి గాలి లోపలికి వెళ్తేనే టీ ధారగా పడుతుంది. వేలితో మూస్తే ధార ఆగిపోతుంది. మెడ మొదట్లో, లోపలివైపు ఆకు అడ్డుకునే చిల్లులు పెట్టాం.

పొట్ట మాత్రం షిఫూ చేయి పడకుండా నిలబడలేదు. ఒకచోట నేను కొట్టిన దెబ్బకి అరటికాయ బజ్జీలా చదునైపోతే ఆయనే సరిదిద్దాడు. తల, కొమ్ములు, చెవులు, కొంగ మాత్రం పూర్తిగా నావే.

తొందరపడిన పాపానికి

పచ్చిపాట్‌ని మూతపెట్టిన పెద్ద కుండలో ఉంచి, రోజుల తరబడి నెమ్మదిగా ఆరబెట్టాలి. ఆ ఆదివారం సాయంత్రం నాకు రైలుకి వేళవుతోంది. కళ్లు చెక్కడం అప్పుడే ముగించేయాలని, మట్టి కాస్త గట్టిపడుతుందని పాట్‌ని ఫ్యాను గాలికి పెట్టాను. షిఫూ లోపలెక్కడో ఉన్నాడు. పావుగంటలో మెడ అతుకు దగ్గర వెంట్రుకవాసి గీత. దాన్ని అదుముతూ పోయినకొద్దీ అది పెద్దదైంది. మెడ దళసరి, పొట్ట పల్చన. పల్చటిది ముందు ఆరి కుంచించుకుపోయింది, దళసరిది వెనకబడింది. అంతే, మధ్యలో చీలింది.

షిఫూ వచ్చి చూసి కోప్పడలేదు. పాట్‌ని ముక్కలు చేసి పాతమట్టి తొట్లో వేసి, దానిమీద నీళ్లు చల్లాడు. నాకు గొంతులో ఏదో అడ్డంపడింది. ఇరవై ఏళ్ల కిందట మల్లిని తోలుకెళ్లిన రోజు నేను కాలేజీలో ఉన్నాను. పోయే గేదెని అమ్మ చూడలేదు, నేనూ చూడలేదు. తొట్లో కొమ్ము ఒకటి పైకి తేలి కనిపిస్తుంటే అది తలపుకొచ్చింది. 'ఇది కాలనిది కదా. నీళ్లు తగిలితే మళ్లీ మట్టే. మళ్లీ చేద్దాం' అన్నాడాయన.

రెండోసారి మెడని లోపల్నుంచి తొలిచి పొట్టంత మందానికి తెచ్చాం. అలా నాలుగు వారాంతాలు పట్టింది. ఆరిన పాట్‌ని పదకొండు వందల డిగ్రీలు దాటిన వేడిలో కాల్చారు. కాలాక పదోవంతు దాకా చిన్నదవుతుంది. అందుకే మూతని పాట్‌మీద పెట్టే కాలుస్తారు, రెండూ కలిసి తగ్గాలిగా. తరవాత అంచులో సన్నటి గరుకుపొడి వేసి, మూతని తిప్పి తిప్పి అరగదీస్తే ఊపిరాడనంత బిగువుగా కూర్చుంటుంది. బట్టీలోంచి వచ్చిన మల్లి నల్లగా కాదు, ముదురు ఊదారంగులో ఉంది. షిఫూ నీళ్లు నింపి వంచాడు. ధార దారంలా పడింది. నిలబెట్టగానే ఠక్కున ఆగింది. నోటి కింద ఒక్క చుక్క కూడా జారలేదు. ఆయన నాకేసి చూసి బొటనవేలెత్తాడు.

అక్కడికెళ్లి కొనాలనుకునేవాళ్లు చూడాల్సిందీ ఇదే. ముందు నీళ్లు పోయించి చూడండి. మూత వదులుగా గలగలమనకూడదు. లోపల వాసన చూస్తే రంగో రసాయనమో తగలకూడదు. జంతువు ఎంత ముద్దొచ్చినా టీ సరిగ్గా పోయకపోతే అది అలమారలో బొమ్మే.

వచ్చేముందు షిఫూ ఒక్కటే జాగ్రత్త చెప్పాడు. 'పూత లేని మట్టి, అన్నీ పీల్చుకుంటుంది. సబ్బు పెట్టొద్దు. ఒకే రకం టీ వాడండి. పాలు మాత్రం పోయొద్దు. లోపల విరిగి వాసనేస్తుంది.' నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో మా అమ్మాయి ఆయనకి చైనాభాషలో చెప్పింది. పాలడబ్బులతో నన్ను చదివించిన గేదె ఇది, ఇందులో పాలు పోయకూడదట! ఆయన కూడా చాలాసేపు నవ్వాడు.

గేదె ఇంటికొచ్చింది

రాజమండ్రిలో అట్టపెట్టె విప్పి, పాత బట్టల్లోంచి తీసి అమ్మ చేతికిచ్చాను. ఏ గేదె అన్నది చెప్పలేదు. అమ్మ కళ్లజోడు పెట్టుకుంది. కొంగని చూసి నవ్వింది. తరవాత కొమ్ముల వెనక బొటనవేలితో మెల్లగా రాసింది. గేదెలకి అక్కడ గోకితే ఇష్టం.

'చెరువులో దిగిందంటే ఓ పట్టాన లేచేది కాదు, గుర్తుందా? పాలవేళ దాటిపోతోందని నిన్ను గట్టుమీంచి కేకలేయమనేదాన్ని' అంది.

పాలు పోయకూడదన్న సంగతి భయపడుతూనే చెప్పాను. మా ఇంట్లో పాలు లేని టీని టీ అనరు మరి. అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది.

'దాందేముందిరా? గేదె పాలిస్తుంది కానీ తాగుతుందా ఏంటి?' అంది.

ఇప్పుడు మా ఇంట్లో టీ ఇలా తయారవుతుంది. మల్లి పొట్టలో యీషింగ్ టీ ఆకు, మరిగిన నీళ్లు. పక్క పొయ్యిమీద ప్యాకెట్ పాలు. మల్లి నోట్లోంచి ఎర్రటి డికాషన్ గ్లాసులోకి వంచి, పైన పాలూ పంచదారా కలుపుతుంది అమ్మ. టీ సంగతి తెలిసిన చైనావాళ్లు చూస్తే ఏమంటారో కానీ, పాట్ లోపల ఒక్క పాలచుక్క పడలేదు. అయిపోయాక వేడినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో వీపు, మెడ, కొమ్ముల వెనకా తుడిచి, కిటికీ పక్కన ఎండ తగలనిచోట పెడుతుంది. చెరువు నుంచి తోలుకొచ్చాక మల్లిని కూడా అలాగే తుడిచేది.